మెమరీ చాలడం లేదని ఎవరన్నా నమ్మకండి

ఇరవై ఆరేళ్ళు కంప్యూటర్ల మధ్య బతికాను. మొదటి నాలుగేళ్ళు మేడ్చల్‌లో ఒక రిపేరు షాపులో, ఆ తర్వాతంతా దుండిగల్ వైపున్న ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ల్యాబ్ ఇన్‌చార్జిగా. ఈమధ్యే మానేశాను. మెడనొప్పి అని రాజీనామాలో రాశాను, అది అబద్ధం కాదు. నా నోటి దురుసు భరించలేక వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారని మా కాలనీలో ఒకావిడ అంటుంది. అదీ అబద్ధం కాకపోవచ్చు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏ కోర్సు చేసి రమ్మంటారని అడుగుతారు. కోర్సుల పేర్లు నాకంటే మీకే బాగా తెలుసు. ఏ కోర్సులోనూ చెప్పనివి కొన్ని ఉన్నాయి. అవి నాకు తెలిసినంతలో రాస్తున్నాను. ఎవరు ఎప్పుడు నన్ను ఏ హోదాలోకి పంపారో, ఎన్ని ఫైళ్ళు మోశానో రాయను. అవి చదివి బాగుపడినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ మాట వినగానే

నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట "మెమరీ చాలడం లేదు మేడమ్". విద్యార్థులు అన్నారు, లెక్చరర్లు అన్నారు, ఆఫీసులో టైపు చేసే ఆయనా అన్నాడు. వాళ్ళలో చాలామందికి మెమరీ అంటే ఏమిటో తెలియదు. తెలియదని ఒప్పుకున్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

షాపులో చేరిన కొత్తలో అత్వెల్లి నుంచి ఒక పెద్దాయన ఆటోలో కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, మెమరీ నిండిందంట. పెద్దది ఎయ్యి."

"ఎవరన్నారండీ నిండిందని?"

"మా పెద్దోడు అన్నడు."

"ఏం ఎక్కించారు అందులో?"

"ఏం లేదమ్మా. మా బిడ్డ పెండ్లి వీడియోలు. మా తమ్ముని బిడ్డ పెండ్లివి. ఇంకా మా వాడకట్టు పెండ్లిళ్ళు గూడ గండ్లనే ఉన్నయి."

నిండింది మెమరీ కాదు, డిస్కు. వంటింట్లో సామాన్లు దాచే అలమార ఉంటుంది, కూరలు తరిగే గట్టు ఉంటుంది. డిస్కు అలమార, మెమరీ గట్టు. అలమార నిండిందని గట్టు పెద్దది కట్టించుకుంటే ఏం లాభం? ఆ పెద్దాయనకు తెలియకపోవడంలో తప్పు లేదు. అడగకుండానే గట్టు కట్టి పంపే షాపులు ఆ రోజుల్లోనూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. అందుకే చెబుతున్నాను. మెమరీ చాలడం లేదని ఎవరన్నా ముందు నమ్మకండి. ఏం చేస్తుంటే చాలలేదో అడగండి. మనిషి చెప్పిన జబ్బు పేరు పక్కన పెట్టి, మిషన్‌కు ఎక్కడ నొప్పిగా ఉందో చూడండి.

యాదగిరి గారి నోటుబుక్కు

ఆ షాపు యజమాని యాదగిరి గారు. పదో తరగతి దాటలేదు. బీఎస్సీ చదివిన నాకు పని నేర్పింది ఆయనే. షాపులోకి ఏ కంప్యూటర్ వచ్చినా ముందు ఆన్ చేసి, అందులో మెమరీ ఎంతో, డిస్కు ఎంతో నోటుబుక్కులో రాసి, తెచ్చినవాళ్ళతో సంతకం పెట్టించుకోవాలి. ఆ తర్వాతే మూత విప్పాలి. నాకది చాదస్తంగా అనిపించేది.

ఒకసారి శామీర్‌పేట నుంచి ఒకాయన ఫ్యాను గోల పెడుతోందని మిషన్ ఇచ్చి, బాగుచేయించుకొని తీసుకెళ్ళాడు. వారంలో తిరిగొచ్చాడు. ఫ్యాను గోల పోయిందిగానీ మిషన్ నత్తలా నడుస్తోందన్నాడు. యాదగిరి గారు నోటుబుక్కు తీశారు. వచ్చినప్పుడు ఉన్న మెమరీ ఇప్పుడు లేదు. మెమరీ ఉండేది ర్యామ్‌లో, ర్యామ్ అంటే వేలెడు పొడుగుండే పచ్చటి పట్టీ. పెద్ద పట్టీ పీకి, దానిలో సగం పాటిది పెట్టి పంపాడు మా టెక్నీషియన్. ఆ పూటే వాణ్ణి పంపేశారు. నా వైపు తిరిగి అన్నారు:

"సూసినవా అమ్మా. మనిషి మాట మారుస్తడు. మిషిన్ సూపెట్టిన అంకె మారది. నువ్వు అంకెను పట్టుకో."

పట్టుకున్నాను. కళాశాలలో చేరాక కూడా ప్రతి మిషన్‌కు ఒక పేజీ పెట్టాను. ఆ అలవాటు నన్ను చాలాసార్లు గట్టెక్కించింది. ఒకసారి నిండా ముంచింది. ఆ సంగతికి వస్తాను.

ఆటకు ఏడు, మిషన్‌కు ఒకటి

కార్తీక్ అని సెకండియర్ విద్యార్థి. చదువులో మధ్యస్తం, ఆటల్లో డాక్టరేట్. ఒకరోజు సొంత ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చాడు.

"మేడమ్, గేమ్ మస్తు ల్యాగ్ అయితాంది."

"చదువు అవడం లేదా?"

"మేడమ్, ప్లీజ్. వీడియోల జూసి గేమ్‌కు మెమరీ గూడ పెంచిన. ఇంకింత ఖరాబైంది."

"నీ దగ్గర ఎంత ఉంది? ఎంత ఇచ్చావు?"

"ఎనిమిది జీబీ ఉంది. ఏడు ఇచ్చిన."

"మిగిలిన ఒకటి ఎవరికి?"

"మిషిన్‌కు."

"విండోస్ ఒక్కటే రెండు పైన తింటుంది. పక్కన బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు తెరిచి పెట్టావు. వాటికి ఏం పెడతావు, గాలా?"

వాడు తల గోక్కున్నాడు. మా కాలనీలో వేసవిలో నీళ్ళ ట్యాంకరు వస్తుంది. మొదటి ఇంటివాళ్ళు సంపు నింపుకొని, పైన డ్రమ్ములు నింపుకొని, మొక్కలకు కూడా పట్టుకుంటే చివరి ఇంటివాళ్ళు బిందెలు పట్టుకొని వీధి చివరకు నడుస్తారు. మిషన్‌లోనూ అదే జరుగుతుంది. మెమరీ చాలకపోతే అది ఊరికే ఉండదు. కొంత సామాను డిస్కులోకి మోసి, కావలసినప్పుడు మళ్ళీ వెనక్కి మోస్తుంది. డిస్కు నిదానం. ఆ మోతల్లోనే ఆట ఆగి ఆగి నడుస్తుంది. పైగా ఇలాంటి ఆటల్లో కొన్నిటికి ఎక్కువ చోటిస్తే వాడి పారేసినవన్నీ పోగేసి ఒకేసారి ఊడుస్తాయి. ఊడ్చినంతసేపూ తెర మీద బొమ్మ కదలదు.

ఏడును మూడు చేశాను. ట్యాబులు మూయించాను. ఆట పరుగెత్తింది.

"తగ్గిస్తే ఫాస్ట్ అయిందేంది మేడమ్?" అన్నాడు వాడు, నేనేదో మోసం చేస్తున్నట్టు చూస్తూ. ఆ చూపు నాకు నచ్చింది. నమ్మకుండా చూసేవాడికి ఈ పని వస్తుంది.

చావును వాయిదా వేసిన ప్రోగ్రాం

పిల్లల కంటే పెద్దవాళ్ళు కష్టం. పరిశోధన చేసుకుంటున్న ఒక లెక్చరర్ వేలకొద్దీ ఫొటోలను లెక్కగట్టే ప్రోగ్రాం రాసుకున్నారు. అది గంట నడిచి, మెమరీ చాలదని ఆగిపోయేది.

"పద్మావతి గారూ, మీ ల్యాబ్ మిషన్లు పనికిరావండీ" అన్నారు.

ఆ ప్రోగ్రాంకు ఒక జీబీ పరిమితి ఉంది. రెండు చేశాను. రెండు గంటలు నడిచి ఆగింది. నాలుగు చేశాను. నాలుగు గంటలు నడిచి ఆగింది. ఆయన ఎనిమిది అడిగారు.

"ఇస్తే ఎనిమిది గంటలకు ఆగుతుంది. దానికి రోగం తగ్గడం లేదు సార్, చావు వాయిదా పడుతోంది" అన్నాను.

తెరిచిన ఏ ఫొటోనూ ఆ ప్రోగ్రాం మూయడం లేదు. గట్టు మీద గిన్నె మీద గిన్నె పేరుస్తూ పోతోంది. గట్టు ఎంత పెద్దదైతే ఏం? మూసే లైను ఒకటి చేరిస్తే మొదటి ఒక్క జీబీలోనే పని పూర్తయింది. ఆయన నాతో ఒక సెమిస్టర్ మాట్లాడలేదు. మీరు ఈ పనిలో గుర్తుపెట్టుకోవలసిన పరీక్ష ఇదే. మెమరీ రెట్టింపు చేస్తే ఆయుష్షు కూడా సరిగ్గా రెట్టింపైందా, ప్రోగ్రాం ఎక్కడో కారుతోందని అర్థం. ఇంకా పోయకండి. చిల్లు వెతకండి.

ఇలాంటి గొడవల్లో మా విభాగాధిపతి సుధాకర్ గారు ఎప్పుడూ ఒకటే మాట అనేవారు: "సర్దుకుపోదాం." చెడ్డవాడు కాదు. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టేవారు. మా విభాగంలో అందరికంటే గట్టిగా మాట్లాడేది నేను. అందువల్ల చాలా ఏళ్ళు నాకాయన మంచి బాస్ అనుకున్నాను. అలాంటి బాస్ దగ్గర ఉంటే మీ మాటను అడ్డుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ ప్రమాదం నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆదివారం ఆటల పోటీ

కళాశాల వేడుకల్లో భాగంగా మా ల్యాబ్‌లో ఆటల పోటీ పెట్టారు. ఆదివారం. మామూలుగా ల్యాబ్ తెరిచేది, మూసేది మా అసిస్టెంట్ ఎస్తేరు. ఆదివారం తను చర్చికి వెళుతుంది. ముందే చెప్పింది, సెలవు తీసుకుంది. తన తప్పేమీ లేదు. అయినా నేను గొణుక్కుంటూనే మేడ్చల్ నుంచి బస్సెక్కాను.

ఇరవై మిషన్లు. ఆట తెరిస్తే డిస్‌ప్లేకి మెమరీ చాలదని మొరాయించింది. కార్తీక్ పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, దీనికి వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు గద. అసలు మెమరీలకెళ్ళే రెండు జీబీ డిస్‌ప్లేకి ఇస్తే నడుస్తది. బయోస్‌ల మార్చాలె. పాస్‌వర్డ్ కొట్టుండ్రి మేడమ్, జల్దీ."

వాడు చెప్పింది సరైనదే. కంప్యూటర్ లేచీ లేవగానే, విండోస్ రాకముందే ఒక సెట్టింగుల తెర తెరవచ్చు. అదే బయోస్. డిస్‌ప్లేకి మెమరీలో ఎంత పక్కన పెట్టాలో అక్కడే చెప్పాలి. దానికి పాస్‌వర్డ్ పెట్టింది నేనే, తెలిసింది నా ఒక్కదానికే. అందులో నాకు గర్వం కూడా ఉండేది.

"అయిపోయాక మళ్ళీ తగ్గించాలి" అన్నాను.

"తగ్గిస్తం మేడమ్. పక్కా."

ఇరవై మిషన్ల దగ్గరా నా చేత్తోనే పాస్‌వర్డ్ కొట్టాను. కొట్టి, వెనక్కి తిరిగి అరుస్తున్నాను. ఎందుకంటే వేడుకల కమిటీ పిల్లలు మా యూపీఎస్ మీద పెద్ద స్పీకరు పెట్టారు. "దించండి, అది బల్ల కాదు" అని నేను, "రెండు గంటలే గదా మేడమ్" అని వాళ్ళు. నా దృష్టంతా స్పీకరు మీద. నా వెనక తెరల మీద కార్తీక్ ఏం మారుస్తున్నాడో ఒక్కసారీ చూడలేదు. సాయంత్రం బహుమతులు ఇస్తున్నారని పిల్లలంతా ఉరికారు. నేను తాళం వేసి, ఆదివారం పాడైందన్న కోపంతో ఇంటికొచ్చాను.

నా పేజీల్లో ఈ సంగతి రాయలేదు. ఆదివారం కదా, పుస్తకం బీరువాలో ఉంది.

ఎస్తేరు

ఎస్తేరు కుత్బుల్లాపూర్ నుంచి వచ్చేది. ఆరేళ్ళుగా నా దగ్గర పని. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే సూటిగా. ల్యాబ్ తాళాలు తన దగ్గరే ఉంటాయి. సీపీయూ డబ్బా మూతల మీద అంటించే ముద్ర కాగితాలు కూడా తన దగ్గరే. పద్ధతి ప్రకారం డబ్బా తెరిచి మూసిన ప్రతిసారీ నేను లోపల చూసి, కాగితం మీద సంతకం పెట్టి అంటించాలి. నేను ఒకేసారి వంద కాగితాల మీద సంతకాలు గీకి తన చేతికిచ్చేశాను. బద్ధకం. ఇంకో పేరు లేదు దానికి.

వేసవి సెలవులు అయ్యాక, కొత్త బ్యాచ్ రాకముందు ఏడాది లెక్క చూసుకోవాలి. నేను కుర్చీలోంచి లేవకుండానే ఇరవై మిషన్ల మెమరీ ఒకేసారి తెప్పించే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. మా మిషన్లలో విండోస్, దాని లాంటిదే లైనక్స్ రెండూ ఉంటాయి, అప్పుడు లైనక్స్‌లో ఉన్నాయి. బటన్ నొక్కాను. ఎనిమిదిలో కొంత సిస్టమ్ తనకు ఉంచుకోగా ఏడున్నర జీబీ పైన రావలసిన చోట ఐదున్నర పైన వచ్చింది. ఒకదానికి కాదు, ఇరవైకీ.

ఒక్కో మిషన్‌లో నాలుగు జీబీ పట్టీలు రెండు ఉంటాయి. ఒక నాలుగు పీకి రెండు పెడితే సరిగ్గా ఈ అంకే వస్తుంది. మేడ్చల్ షాపులో జరిగిన మోసమే మళ్ళీ కళ్ళముందు నిలబడింది. ఇంకేమీ ఆలోచించలేదు. ఎస్తేరును పిలిచాను.

"సెలవుల్లో ఈ డబ్బాలు ఎవరైనా తెరిచారా?"

"లేదు మేడమ్."

"తాళాలు?"

"నా దగ్గరనే ఉన్నయి."

"ముద్ర కాగితాలు?"

"గవి గూడ నా దగ్గరనే. మీరే ఇచ్చిన్రు గద." ఒక్క నిమిషం నా మొహం చూసింది. "మేడమ్, ఏం అడగాలనుకున్నరో సీదా అడుగుండ్రి."

"ప్రతి మిషన్‌లో రెండు జీబీ తక్కువుంది. నాలుగు తీసి రెండు పెట్టినట్టుంది."

"పెట్టినట్టుంది అంటున్నరు. పెట్టింది జూసిన్రా?"

"అంకెలు చెబుతున్నాయి."

"అంకెలు గాదు మేడమ్. ఒక్క డబ్బా ఇప్పి సూడుండ్రి. స్క్రూడ్రైవర్ నేనే తెస్త."

ఐదు నిమిషాల పని. నాలుగు స్క్రూలు. నేను తెరవలేదు. "ఇప్పుడు తెరిస్తే రుజువు పాడవుతుంది. విచారణ కమిటీ ముందే తెరవాలి" అన్నాను. పద్ధతి పాటిస్తున్నానని నిజంగానే అనుకున్నాను. వంద కాగితాల మీద చూడకుండా సంతకాలు పెట్టినదాన్ని, ఆ రోజు మాత్రం నాకు పద్ధతి గుర్తొచ్చింది. సుధాకర్ గారికి కాగితం రాశాను: మెమరీ తగ్గింది, ల్యాబ్ అసిస్టెంట్ ఎస్తేరు మీద అనుమానం ఉంది, కమిటీ వేయాలి. ఆయన చదివి, నిట్టూర్చి, సంతకం పెట్టారు. అది గురువారం. కమిటీ సోమవారం. అప్పటిదాకా ఎస్తేరు ల్యాబ్‌లోకి రాకూడదన్నారు. కాంట్రాక్టు పొడిగించే కాగితం ఆ నెలాఖరుకే రావాలి. అది సుధాకర్ గారి బల్ల మీద ఆగింది.

శుక్రవారం పొద్దున బస్సులో పక్క కళాశాల ల్యాబ్‌లో పనిచేసే ఒకమ్మాయి నా పక్కన కూర్చుంది.

"మేడమ్, మీ ల్యాబ్‌ల ర్యామ్‌లు పోయినయంట గద? గా ఎస్తేరే తీసిందట?"

"కమిటీ తేల్చాలి" అన్నాను.

ఆ అమ్మాయి తలూపింది. కమిటీ తేల్చాలని నేను అన్నానంటే అవునన్నట్టే. అది నాకు అనేటప్పుడే తెలుసు. దుండిగల్ రోడ్డు పొడుగునా కళాశాలలే. ల్యాబ్ అసిస్టెంట్లందరూ ఒకే బస్సులూ ఒకే షేర్ ఆటోలూ ఎక్కుతారు. ఒకరి సంగతి ఇంకొకరికి చేరడానికి ఒక స్టాపు చాలు.

శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర ఎస్తేరు నా కోసం నిలబడి ఉంది. ఆ రెండు రోజులూ తనను లైబ్రరీలో ఒక మూల కూర్చోబెట్టారు.

"మేడమ్, నన్ను తీసేస్తే తీసేయుండ్రి. గానీ దొంగ అని పంపకుండ్రి. గా పేరు పడితే గీ రోడ్డు మీద నాకు ఇంకొక ల్యాబ్ దొరకది. మా ఇంట్ల నెల నెలా జీతమొచ్చేది నాకొక్కదానికే."

"నువ్వు చేయకపోతే భయమెందుకు?" అన్నాను.

ఇరవై ఆరేళ్ళలో చాలామందిని చాలా మాటలన్నాను. వాటిలో సగం మళ్ళీ అనమన్నా అంటాను. ఈ ఒక్క మాట వెనక్కి తీసుకోగలిగితే బాగుండును. చేయనివాడికే ఎక్కువ భయం ఉంటుంది. చేసినవాడు ఏం చెప్పాలో ముందే సిద్ధం చేసుకుంటాడు.

ఎస్తేరు నా మొహం వైపు ఇంకోసారి చూసి షేర్ ఆటో ఎక్కింది.

సోమవారం

కమిటీ అంటే సుధాకర్ గారు, అకౌంట్స్ విభాగం నుంచి ఒకాయన, నేను. ఎస్తేరు గోడ దగ్గర నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. మొదటి డబ్బా మూత నేనే విప్పాను.

లోపల రెండు పట్టీలు. రెండింటి మీదా నాలుగు జీబీ అని రాసి ఉంది. రెండూ ఒకే కంపెనీవి. రెండింటి మీదా ఒకేలా పేరుకున్న దుమ్ము. ఆ దుమ్మును ఏళ్ళుగా ఎవరూ ముట్టలేదు.

"రెండూ నాలుగే కదండీ" అన్నారు అకౌంట్స్ ఆయన.

మిషన్ ఆన్ చేశాను. ఏదో అనుమానం. ఈసారి ఎవరి మీదో తెలియని అనుమానం. బయోస్‌లోకి వెళ్ళాను. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. కొడుతుండగానే వేళ్ళకు గుర్తొచ్చింది. స్పీకరు. యూపీఎస్. నా వెనక కార్తీక్. తెర మీద డిస్‌ప్లేకి రెండు జీబీ అని ఉంది.

డిస్‌ప్లేకి ముందే పక్కన పెట్టేసిన మెమరీని లైనక్స్ లెక్కలోకే తీసుకోదు. అది నాకు తెలియనిది కాదు, ఎన్నో ఏళ్ళు పాఠంలా చెప్పిన విషయం. ఒక్క మిషన్‌ను విండోస్‌లో తెరిచి చూసినా, ఉన్నది ఎనిమిది, వాడుకోవడానికి మిగిలింది ఆరు అని పక్కపక్కనే కనిపించేది. చూడలేదు. అంకె అబద్ధం చెప్పలేదు. దానికి నేను దొంగ కథ ఒకటి తగిలించాను. ఆ కథ నాకు అలవాటైనది, చేతికందే చోట ఉంది. మీరు అనుమానించండి, అనుమానించకపోతే ఈ పనిలో బతకలేరు. కానీ మీ దగ్గర మాత్రమే తాళం ఉన్న తలుపును ముందు అనుమానించండి. నేను చివరి దాకా ఆ తలుపు వైపే చూడలేదు.

"అదేనా సంగతి!" సుధాకర్ గారు పెద్దగా నవ్వారు. ఆయన ప్రాణం లేచొచ్చింది. "పోనీలెండి. పొరపాట్లు అందరికీ జరుగుతాయి. సర్దుకుపోదాం. పదండి, టీ తాగుదాం."

ఇద్దరూ లేచారు. నేనూ లేవబోయాను. గోడ దగ్గర్నుంచి మాట వినిపించింది.

"కూసోండి సార్. ఇంకా పందొమ్మిది ఉన్నయి."

"ఎందుకమ్మా ఎస్తేరూ? ఒకటి సరిగ్గా ఉంటే అన్నీ ఉన్నట్టే కదా."

"గట్లనే గద సార్, మేడమ్ అనుకున్నది. కుర్చీల కూసోని అన్నీ గట్లనే ఉన్నయనుకున్నరు. రేపు ఎవరన్న వచ్చి, ఒక్కటే జూసిన్రు, మిగతాయి మాటేందని అడిగితే నేనేం జెప్పాలె? అన్నీ ఇప్పుండ్రి."

"సరే, నువ్వే విప్పమ్మా, త్వరగా అయిపోతుంది" అన్నారు అకౌంట్స్ ఆయన.

"నేను ముట్ట సార్. మేడమ్ ఇప్పుతరు."

విప్పాను. మోకాళ్ళ మీద కూర్చొని, ఒక్కో బల్ల కిందికి దూరి, నాలుగేసి స్క్రూలు. ఎస్తేరు నా పక్కనే నడుస్తూ నంబరు చదివింది.

"నాలుగో నంబరు. ఎన్నున్నయి మేడమ్?"

"రెండు."

"ఎంతెంతయి?"

"నాలుగు, నాలుగు."

"రాసుకోండి సార్."

తొమ్మిదో డబ్బా దగ్గర నా మెడ పట్టేసింది. పదకొండో దాని దగ్గర తల పైకెత్తి "ఇక చాలు ఎస్తేరూ" అన్నాను. అరవలేదు, అడిగాను.

"పన్నెండో నంబరు" అంది.

ఇరవై అయ్యాయి. ఇరవైలోనూ రెండు, నాలుగు, నాలుగు. సుధాకర్ గారు కమిటీ కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. పైకి చదివారు కూడా: "మెమరీ కొరత లేదు. సెట్టింగులో మార్పు వల్ల తేడా కనిపించింది."

"గా సెట్టింగ్ దానంతట అదే మారిందా సార్?" అంది ఎస్తేరు. "దానికి చేతులున్నయా?"

నేను వాదించాను. అలవాటు కదా, ఆ స్థితిలో కూడా వాదించాను. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటుందో అందరికీ తెలుసు, మళ్ళీ రాయడం ఎందుకన్నాను. మార్చింది విద్యార్థి అన్నాను. అప్పుడే ఫోన్ చేస్తే "సారీ మేడమ్, ప్రైజులు ఇస్తున్నరంటే ఉరికినం, మర్చిపోయినం" అని కార్తీక్ చెప్పేవాడేమో, ఎవరికి తెలుసు. నేను అడగలేదు.

"మేడమ్, అనుమానం రాసేటప్పుడు నా పేరు రాసిన్రు" అంది ఎస్తేరు. గొంతు పెరగలేదు. "గిది గూడ పేరుతోటే రాయుండ్రి."

సుధాకర్ గారు పెన్ను నా వైపు జరిపారు. ఈసారి ఆయన ఎవరినీ సర్దుకుపొమ్మనలేదు.

రాశాను. ఆటల పోటీ కోసం ఇరవై మిషన్లలో డిస్‌ప్లే మెమరీ పెంచడానికి పాస్‌వర్డ్ కొట్టింది నేను, తర్వాత తగ్గించారో లేదో చూడనిది నేను. ఎస్తేరుకు దీనితో ఏ సంబంధమూ లేదు. ఒక్క డబ్బా తెరిచి చూడమని తను మొదటిరోజే అడిగింది, నేను తెరవలేదు. కింద పూర్తి పేరు, సంతకం.

ఆ బస్సులో నన్ను అడిగిన అమ్మాయికి కూడా మర్నాడు చెప్పాను. సరేనన్నట్టు తలూపింది. కానీ మొదటిసారి ఊపినంత చురుగ్గా ఊపలేదు. చెడ్డమాట ఒక స్టాపులో చేరుతుంది, దాన్ని వెనక్కి తెచ్చే మాట ఎన్ని బస్సులెక్కాలో నాకిప్పటికీ తెలియదు. ఎస్తేరు కాంట్రాక్టు ఆ నెలాఖరుకే పొడిగించారు. ఇంకో నాలుగేళ్ళు మేమిద్దరం ఒకే గదిలో పనిచేశాం. క్షమించమని ఒకసారి అడిగాను. "పని జూసుకుందాం మేడమ్" అంది. అంతకంటే ఎక్కువ అడిగే హక్కు నాకు లేదనుకొని నేనూ పని చూసుకున్నాను.

ఆ సోమవారం నేను రాసిన కాగితాన్ని ఎస్తేరు రెండుసార్లు చదివింది.

"సార్, దీనికి జిరాక్స్ కావాలె."

"ఫైల్లో ఉంటుంది కదమ్మా" అన్నారు సుధాకర్ గారు.

"ఫైలు మీ దగ్గరుంటది సార్. నా దగ్గరేముంటది?"

అందరం ఆఫీసుకు నడిచాం. ఎస్తేరు ఆ కాగితాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు, జిరాక్స్ మిషన్ మీద తనే పెట్టింది. వేడివేడిగా బయటికొచ్చిన నకలు తీసుకొని అడుగున చూసింది. నా సంతకం సగమే పడింది.

"అన్నా, సంతకం సరిగ్గ వస్తలేదు. ఇంకోటి తియ్యి" అంది జిరాక్స్ తీసే అతనితో. రెండోదాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, నా పేరు మొదటి అక్షరం నుంచి చివరి దాకా చూసి, మడిచి బ్యాగులో పెట్టుకుంది.